ఉగాది నుండి ఉగాది వరకు: ఒక అనంతపురపు వంటయింటి లెక్క

మా వంటయింటి గోడకు ఒక కాలెండరు వ్రేలాడుచుండును. పాలలెక్క, గ్యాసుబండ వచ్చిన తేది, కుళాయికి నీరు విడిచిన దినములు దానిమీదనే వ్రాసికొందుము. గడచిన ఉగాదినాడు నాకొక వింత కోరిక పుట్టినది. ఇంటిలోనివారు నోరు తెరచి ‘ఇది చేసి పెట్టు’ అని అడిగిన వంటను ఆ తేది గడిలో వ్రాసి పెట్టవలెనని సంకల్పించితిని. నాయంతట నేను వండినవి లెక్కకు రావు. అడిగి చేయించుకొన్నవి మాత్రమే లెక్క. మా ఇంట ఐదుగురము: మా అత్తగారు, మావారు, నేను, ఇద్దరు పిల్లలు. ఈ ఉగాదికి ఆ కాగితములన్నిటిని చాపమీద పరచి చూచుకొంటిని.

చూచిన కొలది నాకే ఆశ్చర్యము కలిగినది. నేను పత్రికలలో చూచి, ఇరుగుపొరుగు వారిని అడిగి, శ్రమపడి నేర్చుకొన్న వంటలు ఒక్కొక్కటి ఒకటి రెండు గడులలో మాత్రమే కనబడినవి. మాటిమాటికి కనబడినవన్నియు మా అత్తగారి అత్తగారి కాలమునాటివి. వాటిలో ఇంకొక పోలిక కూడ కలదు. అవి దాదాపు అన్నియు వాన తక్కువ కోరు పంటలతో చేయునవి, వండుటకు నీరు తక్కువ పట్టునవి, లేదా వండిన నీటిని పారబోయక మరల వాడుకొనునవి. మా నాలుక మాకు తెలియకయే మా నేలను చదువుకొన్నదని నాకు తోచినది.

మా ఊరు కల్యాణదుర్గము దాపున ఒక పల్లె. అనంతపురపు పీఠభూమికి సాలున కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తమ తడిని చాలవరకు అచటనే దింపివేయును. ఈశాన్యపు మేఘములు బంగాళాఖాతమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. రెండు కాలముల వానకును మేము కొసన ఉన్నవారము. దేశములో తక్కువ వాన కురియు జిల్లాలలో ఇదియు ఒకటి. 1882లో బళ్లారినుండి వేరుపడి ఏర్పడిన ఈ జిల్లా 2022లో మరల రెండైనది. హిందూపురము, కదిరి, ధర్మవరము, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి. కాని వంటలో అట్టి పొలిమేరలు లేవు. బళ్లారి వేరైనను, ఆనాటి కన్నడపు రుచి, కన్నడపు మాట మా పొయ్యిని విడిచిపోలేదు.

ఇక కాలెండరులో అన్నిటికంటె ఎక్కువ గడులను ఆక్రమించినది రాగిసంగటి. దీనిని ముద్ద అనియు అందుము. సంగటి వండుట తెలియనివారు పిండిని నీళ్లలో కలిపి ఉడికించిన చాలునని తలంతురు. అట్లు చేసిన అది జిగురుముద్ద యగును, సంగటి కాదు. మా ఇంటి కొలత ఇది. ఒక గ్లాసు నూకలను కడిగి అరగంట నాననీయవలెను. ఆరు గ్లాసుల నీటిని ఎసరు పెట్టి, మరగిన పిదప నూకలు వేసి, తగినంత ఉప్పు చేర్చి, మెత్తగా ఉడుకనీయవలెను. నీరు పూర్తిగా ఇగిరిపోరాదు. అన్నముపైన ఇంకను గంజి తేలుచుండవలెను. అప్పుడు రెండు గ్లాసుల రాగిపిండిని నడుమ కుప్పగా పోయవలెను. కలుపరాదు! తెడ్డు కాడతో ఆ కుప్ప నడుమ ఒక రంధ్రము చేసిన, గంజి ఆ రంధ్రమునుండి బుడబుడమని పైకి వచ్చి పిండిని లోపలినుండి ఉడికించును. మూత పెట్టి సెగ తగ్గించి ఎనిమిది పది నిమిషములు ఉంచవలెను. పిదప దింపి, కుండను రెండు పాదముల నడుమ బిగించి, తెడ్డుతో బలముగా ఎనుపవలెను. పిండి ఉండలు కట్టక, మెతుకు కనబడక, కుండ అంచును విడిచి వచ్చినపుడు సంగటి అయినట్లు. చేయి తడి చేసికొని ముద్దలు చేయవలెను. తినునప్పుడు నమలుట కంటె మ్రింగుటయే మా వాడుక. చిన్న ముద్ద త్రుంచి, కూరలో ముంచి, గొంతులోనికి జార్చుకొందుము. పట్టణమునుండి వచ్చిన మా చెల్లెలి భర్త దానిని చపాతివలె నమలబోయి పండ్లకు అంటుకొని పడిన పాట్లు మా పిల్లలు ఇప్పటికిని చెప్పుకొని నవ్వుదురు.

పూర్వము నూకలకు బదులు కొర్రబియ్యము వేసెడివారు. వరి అన్నము పండుగలకు, చుట్టములు వచ్చినపుడు, జబ్బు చేసినపుడు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చుట ప్రారంభించిన పిమ్మట పేదల కంచములోనికి వరి దినదినము వచ్చినది. ఆకలి తీర్చిన ఆ బియ్యమును నేను తక్కువ చేసి మాటలాడను. కాని దానితోపాటు ఒక నామోషీ కూడ వచ్చినది. సంగటి తినువారు బీదలు, అన్నము తినువారు కలవారు అను భావము బలపడినది. పెండ్లిచూపుల నాడు ఇంటిలోని రాగిపిండి డబ్బాను లోపలిగదిలో దాచిన సంగతి నాకు తెలియును. ఆ ఇల్లు మా పుట్టినిల్లే. తరువాత ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మనము సిగ్గుపడి దాచిన డబ్బా పట్టణపు దుకాణములలో రంగుల సంచులతో, బియ్యమును మించిన ధరతో ప్రత్యక్షమైనది.

రాగులలో సున్నపు పదార్థము మెండు. నూరు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు పైగా ఉండును. అంతే తూకము గల పాలలో ఉండునది సుమారు 120 మిల్లీగ్రాములు; తెల్లబియ్యములో ఉండునది పది పాటి. ఎదుగు పిల్లలకు, పాలిచ్చు తల్లులకు ఇది మంచిది. అయితే రాగులు తిన్నచో మధుమేహము దానంతట అదే పోవునని కొందరు ప్రచారము చేయుట సరికాదు. రాగిలోను నూటికి 70 పాళ్లవరకు పిండిపదార్థమే. మెత్తని పిండిని పలుచగా కాచి త్రాగిన రక్తములోనికి చక్కెర త్వరగానే చేరును. ముద్ద ఎంత పెద్దది, ప్రక్కన పప్పు, ఆకుకూర ఎంత ఉన్నది అనునవి చూచుకొనవలసినదే.

సంగటి ఒంటరిగా నడువదు. దానికి తోడు కావలెను. మా కాలెండరులో రెండవ స్థానము చెనిక్కాయల ఊరుబిండిది. వేరుసెనగను మేము చెనిక్కాయ అందుము. ఉల్లిగడ్డ మాకు ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ. ఒక గ్లాసు చెనిక్కాయ విత్తనములను సన్నని సెగమీద పొట్టు మచ్చలు తేరువరకు వేయించి, చల్లార్చి, అరచేతుల నడుమ నలిపి, చేటలో చెరిగి పొట్టు ఊదివేయవలెను. ఆరేడు ఎండుమిరపకాయలను అదే బాణలిలో వేయించవలెను. రోటిలో మొదట మిరపకాయలు, ఉప్పు, నిమ్మకాయంత చింతపండు, నాలుగు తెల్లగడ్డ పాయలు దంచి, పిదప విత్తనములు వేసి పలుకుపలుకుగా దంచవలెను. కడపట ఒక ఎర్రగడ్డను వేసి రెండు పోట్లు పొడిచిన చాలును. నీరు అవసరమైనంత చిలుకరించవలెను గాని పోయరాదు. మిక్సీలో మెత్తగా త్రిప్పిన అది ఇడ్లీలోనికి చట్నీ యగును, ఊరుబిండి కాదు. పంటికి పలుకు తగులుటయే దాని ప్రాణము.

ఇచట చెనిక్కాయను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంట మా ఎర్రనేలకు, మా వట్టి ఆకాశమునకు సరిపోయినది. గడచిన శతాబ్దపు కడపటి దశకములలో కొర్ర, రాగి, జొన్న, సజ్జ చేలన్నిటిని త్రోసి అదియే జిల్లా నిండినది. కదిరిలోని పరిశోధనా కేంద్రము కదిరి పేరుతోనే ఎన్నియో రకములను రూపొందించినది. నూనెగింజకు ధర ఉన్న సంవత్సరమున ఇంటికి పైకము వచ్చును. పిల్లల చదువు, ఆడపిల్ల పెండ్లి దానిమీదనే. కాని పూత పూచిన పిదప ఊడలు నేలలోనికి దిగవలెను. ఆ ఊడలు దిగు పదునైదు ఇరువది దినములలో నేల తడిగా లేకున్న, చెట్టు పచ్చగా కనబడుచుండగనే క్రింద కాయ ఉండదు. పెరికి చూచినప్పుడు గాని తెలియదు. పూర్వము ఒకే చేనిలో కొర్ర, కంది, అలసంద, అనప, ఆముదము కలిపి విత్తెడివారు. ఒకటి పోయిన ఒకటి మిగిలెడిది. అంతయు చెనిక్కాయయే అయిన పిదప పోయినప్పుడు అంతయు పోవును. నగదు పోవుట ఒకటి. ఇంటి గాదెలోని తిండి పోవుట వేరొకటి. ఇప్పుడు మేము రాగులను సైతము సంతలో కొనుచున్నాము. మావారు రెండు సంవత్సరములనుండి చేనిలో నాలుగు సాళ్లకు ఒక సాలు కంది, గట్టువెంబడి అనప, అలసంద వేయుచున్నారు. దాని ఫలము నా వంటయింటిలో కనబడుచున్నది గనుకనే ఇంత చెప్పితిని.

గృహిణులు గమనింపవలసిన సంగతి మరొకటి కలదు. పంట చివర ఎండకు బెట్టకు గురియైన కాయలోను, తడిగా మూట కట్టిన కాయలోను ఒక విధమగు బూజు పట్టును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చిపోయినవి. వెదకి చూడగా వాటికి మేతగా వేసిన వేరుసెనగ పిండిలోని బూజువిషము కారణమని తేలినది. ఆ విషమునకే అఫ్లటాక్సిన్ అని పేరు. అది మనుష్యుల కాలేయమునకును చేటు. వేయించినను ఉడికించినను అది పూర్తిగా నశింపదు. కావున ముడుచుకొన్నవి, నల్లబడినవి, బూజు వాసన వేయునవి, పగిలి పురుగు పట్టినవి ఏరి పారవేయవలెను. ‘నాలుగు గింజలే గదా’ యని చట్నీలో కలుపుట, కోళ్లకు, ఆవులకు వేయుట రెండును తప్పే. మంచి గింజలను రైతు మార్కెటుకు పంపి, తాలుగింజలను ఇంటికి మిగుల్చుకొనుట మా పల్లెలలో పాత అలవాటు. ఈ ఒక్క అలవాటును మానవలెనని నేను కనబడినవారందరికి చెప్పుచున్నాను. కొందరు వినుదురు, కొందరు ‘మా అవ్వ నూరేండ్లు బ్రతకలేదా’ అందురు.

పిల్లల గడులలో ఎక్కువగా కనబడినది ఉగ్గాని. కన్నడమున ఒగ్గరణె అనగా తిరగవాత; ఉగ్గాని ఆ మాటనుండియే వచ్చినదని తోచును. బొరుగులను నీటిలో ముంచి వెంటనే పిండి తీయవలెను, ఆలస్యమైన పిసరుగును. నూనెలో ఆవాలు, కరివేపాకు, నిలువుగా తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేయించి, ఒక తమాటా మగ్గనిచ్చి, బొరుగులు వేసి, పైన పప్పులపొడి చల్లి త్రిప్పి దింపవలెను. పప్పులనగా వేయించిన సెనగపప్పు. దానిని ఎండుకొబ్బరి, తెల్లగడ్డతో పొడి చేసి పెట్టుకొందుము. ప్రక్కన మిరపకాయ బజ్జీ లేనిదే ఉగ్గానికి గౌరవము లేదు. కుళాయి రాని దినమున ఇది నాకు ఎంతయో ఆదుకొన్నది. బొరుగులు తడుపుటకు ఒక చెంబు నీరు చాలును, అంట్లు రెండే. బడికి పోవు పిల్లలు దానిని అడిగి చేయించుకొన్నామని సంతసింతురు; నేను నీళ్ల తొట్టి చూచుకొని సంతసింతును.

నీటిమాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో బోరునీటితోనే వండెడివారము. ఆ నీటిలో కందిపప్పు ఎంతసేపటికిని ఉడికెడిది కాదు. పప్పు మంచిది కాదని అంగడివానిని తిట్టుకొనెడివారము. నిజమునకు నీటిలో కరగియున్న సున్నపు లవణములు పప్పు పొరను బిరుసెక్కించును. వాననీరు పట్టి దాచుకొన్నవారి ఇంట అదే పప్పు వెన్నవలె ఉడికెడిది. 1990ల నడుమ పుట్టపర్తి సత్యసాయి సంస్థ జిల్లాలో వందలాది పల్లెలకు మంచినీటి పథకము కట్టించినది. ఫ్లోరైడు కలిసిన బోరునీరు త్రాగి ఎముకలు వంగిన పల్లెలకు అది ఎట్టి మేలో వేరుగా చెప్పనక్కరలేదు. మాకును ఇప్పుడు గొట్టపునీరే వచ్చుచున్నది. వచ్చిన దినమున పప్పు వండుదుము.

ఓళిగలు కాలెండరులో ఏడుమార్లే కనబడినవి. అయినను అవి అడిగిన తీరు వేరు. వారము ముందునుండి అడుగుట ప్రారంభింతురు. కోస్తావారు బొబ్బట్లు అందురు, తెలంగాణమువారు భక్ష్యములు అందురు, మేము ఓళిగలు అందుము. చేయు విధానము అందరికిని తెలిసినదే గనుక దానిని విడిచి, తెలియని భాగమును చెప్పెదను. పూర్ణమునకు సెనగపప్పును ఎక్కువ నీటిలో పలుకు మీద ఉడికించి, ఆ నీటిని వంచి దాచవలెను. పప్పును బెల్లముతో కలిపి రుబ్బిన పూర్ణములోనుండి ఒక గుప్పెడు తీసి ఆ నీటిలో కలిపి, చింతపండు రసము, చారుపొడి, ఉప్పు వేసి మరిగించి, నేతిలో ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు తిరగవాత పెట్టవలెను. అదియే కట్టుచారు. తీపి, పులుపు, కారము మూడును కలిసిన ఆ చారు నాటికంటె మరునాటికి రుచి. మా ఇంట మావారు ఓళిగల పేరు చెప్పి అడుగునది కట్టుచారు కొరకే యని నా అనుమానము. పప్పు ఉడికిన నీటిని పారబోయుట చూచిన మా అత్తగారు ఆ దినమంతయు నాతో మాటలాడరు.

చలికాలపు గడులు అనపకాయలతో నిండినవి. అనప తీగ పగలు చిన్నవై రాత్రులు పెద్దవైనప్పుడు గాని పూయదు; అందుచేత పుష్యమాసమే దాని కాలము. మంచు కురిసిన ఉదయమున కోసిన కాయకు వాసన ఎక్కువ. గింజలు ఒలిచి, రాత్రి నీటిలో నానవేసి, ఉదయము ఒక్కొక్క గింజను బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ పట్టి పితికిన పొట్టు చేతిలో ఉండి పప్పు ఎగిరి గిన్నెలో పడును. పితికిన పప్పు గనుక పితికిపప్పు. కిలో గింజలు పితుకుటకు గంట పట్టును. ఈ పని ఒంటరిగా చేసిన శిక్ష. నలుగురు కూర్చున్న కబురు. రేడియో పెట్టుకొని మేము ఐదుగురము కూర్చుందుము. చిన్నవాడు గింజలను గిన్నెలోనికి గాక అన్నగారి ముఖము మీదికి పితుకును. కూరకు కొబ్బరి, ధనియాలు, లవంగము, చెక్క, అల్లము, తెల్లగడ్డ నూరి వేసి, ఎర్రగడ్డ వేగిన పిదప పప్పు వేసి, మెత్తబడగనే దింపవలెను. ఎక్కువ ఉడికిన చిదిరిపోవును. దీనితో సజ్జరొట్టె గాని సంగటి గాని తిన్నవారు కోడికూరను కొంతకాలము మరతురు. మా అత్తగారు నా మాట ఒప్పరు. నాటుకోడి పులుసునకు సాటి లేదందురు.

వానలు వెనుకబడి చెనిక్కాయ విత్తు అదను దాటిన సంవత్సరమున చేలలో ఉలవ చల్లుదురు. అది తక్కువ తడికే పండును. ఉలవలు ఉడికించిన కట్టుతో చారు, గింజలతో గుగ్గిళ్లు. ఒక వంటకు రెండు వంటలు. మిగిలిన గుగ్గిళ్లు ఎద్దులకు. వేసవి మొదట చింతచిగురు పప్పు. చెట్టుకింద చీర పరచి కొమ్మ దులిపిన చాలును, వెల లేదు. హిందూపురము చింతపండు వ్యాపారమునకు పేరుపొందినది గాని మా పల్లెలవారు చిగురును అమ్మరు, పంచుకొందురు. నిమ్మకాయ చిత్రాన్నము, అలసంద వడలు, కొరివికారము కూడ గడులలో ఉన్నవి. వాటి వివరము చెప్పబోయిన ఈ ప్రసంగము ముగియదు.

ఇక ఒక వంట ఉన్నది. అది సంవత్సరము పొడుగున ఒక్క గడిలోను కనబడలేదు. అది అంబలి.

కనబడకపోవుటకు కారణము మా అత్తగారు. 1952లో రాయలసీమ అంతట కరువు వచ్చినప్పుడు ప్రభుత్వమువారు గంజికేంద్రములు తెరచిరి. ఆమె అప్పటికి ఏడెనిమిదేండ్ల పిల్ల. తల్లి చెరువు పనికి పోగా, చిన్న తమ్ముని చంకనెత్తుకొని, ఇత్తడి చెంబు పట్టుకొని తానే వరుసలో నిలబడెడివారట. గుండిగలోని గంజి నిలిచి తేరుకొనును. పైనుండి ముంచిన నీళ్లే వచ్చును, అడుగునుండి ముంచిన మెతుకు వచ్చును. తన వంతునకు గరిటె ఎంత లోతు దిగునో అని దానినే చూచుచు నిలబడెడిదాననని చెప్పుదురు. 1876-78 నాటి ధాత కరువును గూర్చి ఆమె అవ్వ చెప్పిన మాటలును ఆమెకు జ్ఞాపకమున్నవి గాని, అవి కథలవలె చెప్పుదురు. 1952 మాట మాత్రము కథవలె చెప్పరు. అడిగినప్పుడు రెండు మాటలు చెప్పి ఊరకుందురు.

ఇప్పుడు ఆమెకు ఎనుబది యేండ్లు. పండ్లు లేవు. ముద్ద మ్రింగుట కష్టమగుచున్నది. వేసవిలో అంబలి ఇమ్మని వైద్యుడు చెప్పెను. నేను చేసి ఇచ్చితిని. గ్లాసు చూచి ప్రక్కకు జరిపిరి.

“వద్దులేమ్మా. గంజి కోసం నిలబడిన కాళ్లు ఇవి. ఇంగ గంజి ముట్టను.”

“గంజి కాదత్తా, అంబలి. మజ్జిగ పోసినా, ఎర్రగడ్డ ఏసినా.”

“ఏం పోస్తే ఏముందిలే.”

పెరుగన్నము మెత్తగా పిసికి పెట్టితిని, పాలలో రొట్టె నానవేసి పెట్టితిని. అవి తినిరి. అంబలి మాత్రము ఇంటిలో మేము చాటుగా త్రాగుట అలవాటైనది.

ఈ ఉగాదికి పది దినములు ముందు మా చేని బోరుమోటారు కాలిపోయినది. దానిని పైకి లాగుటకు నలుగురు పనివారు వచ్చిరి. గొట్టము వెంట గొట్టము విప్పుచు నడిమధ్యాహ్నము వరకు ఎండలోనే ఉండిరి. మా అత్తగారు చింతచెట్టు నీడన మంచము వేసికొని చూచుచుండిరి. నన్ను పిలిచి, “ఆ పిల్లోళ్లకి తాగేదానికి ఏముందే? నీళ్లు తాగి ఎంతసేపని పని చేస్తారు?” అని అడిగిరి. అంబలి ఉన్నదని భయపడుచునే చెప్పితిని. “తీసకరా” అనిరి.

అంబలి విధానము ఇది. అరగ్లాసు రాగిపిండిని ఒక గ్లాసు నీటిలో ఉండలు లేకుండ కలిపి రాత్రి మూత పెట్టి ఉంచవలెను. తెల్లవారునప్పటికి కొంచెము పులియును. పులిసిన పిండిలోని ఇనుము, సున్నము దేహమునకు మరింత సులభముగా పట్టును. ఉదయము మూడు గ్లాసుల నీరు మరిగించి, పిండినీళ్లు పోసి, అడుగంటకుండ కలుపుచు పది నిమిషములు కాచవలెను. పచ్చివాసన పోయి మిలమిలలాడినప్పుడు దింపి, పూర్తిగా చల్లారిన పిదప రెండు గ్లాసుల మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమిర కలుపవలెను. మట్టికుండలో ఉంచిన చల్లగా ఉండును. నిలిచిన కొలది పిండి అడుగునకు దిగును.

కుండను మంచము ప్రక్కన పెట్టగనే మా అత్తగారు గరిటె నా చేతిలోనుండి తీసికొనిరి. ప్రతి గ్లాసునకు ముందు కుండ అడుగువరకు గరిటె దింపి, మూడుమార్లు త్రిప్పి, అప్పుడు ముంచి పోసిరి. నలుగురికి పోసిరి. మరల పోసిరి. ఒక కుఱ్ఱవాడు చాలునన్నను వినలేదు. వారు పనికి లేచిపోయిన పిదప కుండలో ఒక గ్లాసు మిగిలినది. దానిని కూడ అట్లే త్రిప్పి, ముంచి, తన గ్లాసులో పోసికొని, కొంతసేపు చేతిలో పట్టుకొని, త్రాగిరి.

“ఉప్పు చాల్లేదు” అనిరి.

ఆమె అడుగలేదు గనుక, నా నియమము ప్రకారము అది లెక్కకు రాదు. ఆనాటి గడిని ఖాళీగా విడిచితిని. ఆ రాత్రి దీపము ఆర్పబోవుచుండగా వసారాలోనుండి, “పిండి నానేసినావా?” అను మాట వినబడినది. లేచి వంటయింటిలోనికి పోయి పిండి కలిపి మూత పెట్టి, మరునాటి గడిలో ముందుగనే అంబలి అని వ్రాసితిని.